కొరత తెరిచిన దారి

అమెరికాలో డాక్టరు కావాలంటే హైస్కూలు అయ్యాక నాలుగేళ్ల డిగ్రీ చదవాలి, ఆపైన నాలుగేళ్ల ఎండీ. మధ్యలో ఎంక్యాట్ పరీక్ష, మెడికల్ స్కూళ్లకు కుప్పలుగా దరఖాస్తులు, ఇంటర్వ్యూలు, ఎదురుచూపులు. ఈ మధ్య మజిలీ లేకుండా, హైస్కూలు ఆఖరి ఏడాదిలోనే డిగ్రీ సీటూ మెడికల్ సీటూ ఒకేసారి చేతిలో పెట్టే కోర్సులు కొన్ని ఉన్నాయి. అక్కడి తెలుగువాళ్ల ఇళ్లలో వాటిని ‘బీఎస్-ఎండీ’ అంటారు. పదకొండో తరగతి పిల్లలున్న తల్లిదండ్రులు నలుగురు కలిస్తే మాట అటే మళ్లుతుంది. బాగా చదివే పిల్లలకిచ్చే బహుమతి అన్నట్టు దాని గురించి మాట్లాడుకుంటారు. పుట్టుక చూస్తే మాత్రం అది బహుమతిలా కనిపించదు. దేశానికో, రాష్ట్రానికో, ఒక పేటకో ఏదో కొరత వచ్చినప్పుడు, దాన్ని తీర్చుకోవడానికి పెట్టుకున్న కోర్సులివి.

అసలీ ఎనిమిదేళ్ల దారి ఎలా పడిందో ముందు చెప్పాలి. పంతొమ్మిదో శతాబ్దంలో అమెరికాలో చాలా మెడికల్ స్కూళ్లు సొంత వ్యాపారాలు. ఫీజు కట్టినవాడికి సీటు. హైస్కూలు కూడా పూర్తిచేయనివాళ్లు చేరేవారు. రెండు విడతల ఉపన్యాసాలు వింటే పట్టా వచ్చేది, ఆ రెండో విడత కూడా చాలాచోట్ల మొదటి విడతలో చెప్పిందే. 1893లో బాల్టిమోర్‌లో తెరుచుకున్న జాన్స్ హాప్‌కిన్స్ మెడికల్ స్కూలు మాత్రం డిగ్రీ ఉంటేనే చేర్చుకుంటానంది. ఆ పట్టుదల వెనక మేరీ ఎలిజబెత్ గారెట్ అనే ఆవిడ ఉన్నారు. స్కూలు తెరవడానికి డబ్బు చాలక యూనివర్సిటీ ఇబ్బంది పడుతుంటే ఆవిడ లోటు పూడ్చారు. ఆడవాళ్లను మగవాళ్లతో సమానంగా చేర్చుకోవాలనీ, ప్రవేశ అర్హత ఉన్నతంగా ఉండాలనీ షరతు పెట్టారు. ఈ చరిత్ర చెప్పేవాళ్లు ప్రొఫెసర్ల పేర్లు చెప్పి ఆవిడను వదిలేయడం నాకు ఎప్పుడూ అన్యాయంగానే తోస్తుంది.

ఆ ఒక్క స్కూలు పద్ధతిని దేశమంతటికీ కొలబద్దగా చూపినవాడు అబ్రహాం ఫ్లెక్స్‌నర్. ఆయన డాక్టరు కాదు, లూయివిల్‌లో సొంత బడి నడిపిన మాస్టారు. కార్నెగీ ఫౌండేషన్ తరఫున అమెరికా, కెనడాల్లోని 155 మెడికల్ స్కూళ్లు తిరిగి 1910లో నివేదిక ఇచ్చాడు. అమెరికాకు 31 స్కూళ్లు చాలు, చేరేవాళ్లకు కనీసం రెండేళ్ల కాలేజీ చదువుండాలి అన్నాడు. నాసిరకం స్కూళ్లు మూతపడ్డాయి. వాటితోపాటు పేదలకు, పల్లెలవాళ్లకు అందుబాటులో ఉన్నవీ పోయాయి. నల్లజాతివారి కోసం ఉన్న ఏడు స్కూళ్లలో చివరికి హోవర్డ్, మెహారీ రెండే మిగిలాయి. ఆ దెబ్బ ఇప్పటికీ పూర్తిగా మానలేదు.

ఫ్లెక్స్‌నర్ సంగతిలో నన్ను ఆశ్చర్యపరిచేది ఇంకొకటుంది. అందరి చదువునూ పొడిగించిన ఆయన తన డిగ్రీని హాప్‌కిన్స్‌లో రెండేళ్లలోనే ముగించి పంతొమ్మిదో ఏట బయటికొచ్చాడు. ఆయన బడి పిల్లలు మిగతావాళ్లకంటే చిన్న వయసులో హార్వర్డ్‌లో చేరి, తక్కువ కాలంలో డిగ్రీ ముగిస్తున్నారని అక్కడి ప్రెసిడెంటు చార్లెస్ ఎలియట్ గమనించాడు కూడా. సిద్ధంగా ఉన్న పిల్లవాణ్ణి ఆపి కూర్చోబెట్టకూడదన్నదే ఆ మాస్టారు పద్ధతి. 1960ల్లో చదువును కుదించే తొందర కోర్సులు పెట్టినవాళ్లు కొత్తగా కనిపెట్టింది తక్కువేనేమో!

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జనాభా పెరిగింది, ఆస్పత్రులు పెరిగాయి, డాక్టర్లు చాలలేదు. 1959లో ఫ్రాంక్ బేన్ అధ్యక్షతన వేసిన సంఘం ప్రభుత్వానికి లెక్క చెప్పింది: ఏడాదికి 7,400 దగ్గరున్న కొత్త డాక్టర్ల సంఖ్య 1975 నాటికి 11,000కు చేరాలి. కొత్త స్కూళ్లు కట్టడానికి ఏళ్లు పడుతుంది. మరోపక్క, మంచి హైస్కూళ్లలో కాలేజీ స్థాయి రసాయన, జీవశాస్త్రాలు చెప్పడం మొదలైంది. ఆ పిల్లలు కాలేజీకొచ్చి అదే పాఠం మళ్లీ వింటున్నారు, మెడికల్ స్కూల్లో అందులో కొంత ఇంకోసారి వింటున్నారు. ఈ రెండు బాధలకూ కలిపి ఒక మందు వెతికారు. 1961లో నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ హైస్కూలు నుంచే పిల్లల్ని ఎంచుకుని, ఎవాన్‌స్టన్‌లో రెండేళ్లు, షికాగోలో నాలుగేళ్లు, మొత్తం ఆరేళ్లలో ఎండీ ఇచ్చే కోర్సు పెట్టింది. అదే ఏడాది బోస్టన్ యూనివర్సిటీ కూడా ఆరేళ్ల కోర్సు తెరిచింది. 1963లో రెన్‌స్లర్-ఆల్బనీ జంట, పెన్ స్టేట్-జెఫర్సన్ జంట వచ్చాయి. ఆఖరిది మొదట్లో ఐదేళ్లే!

ఇరవై రెండు, ఇరవై మూడేళ్లవాడి చేతిలో రోగిని పెట్టొచ్చా అన్న భయం అప్పుడు లేకపోలేదు. జెఫర్సన్ కాలేజీవాళ్లు తమ దగ్గర చదివినవాళ్ల వివరాలు దశాబ్దాలపాటు రాసుకుంటూ వచ్చారు. తొందర కోర్సులో చదివినవాళ్లు మిగతావాళ్లకు తీసిపోలేదని ఆ లెక్కల్లో తేలింది. మనకైతే ఆ భయమే వింతగా ఉంటుంది. మన దగ్గర ఇంటర్ అవగానే నేరుగా ఎంబీబీఎస్, నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది హౌస్ సర్జెన్సీ.

మన కథ ఇందులో కలిసేది ఇక్కడే. ఆ డాక్టర్ల కొరతే అమెరికా చేత ఇంకో తలుపు కూడా తెరిపించింది. 1965 వలస చట్టం వచ్చాక విదేశీ డాక్టర్లకు వీసాలు సులువయ్యాయి. విశాఖ ఆంధ్ర మెడికల్ కాలేజీ, గుంటూరు, కాకినాడ రంగరాయ, హైదరాబాదు ఉస్మానియా, గాంధీల నుంచి చదువైన యువ డాక్టర్లు విమానాలెక్కారు. చాలామంది అక్కడి డాక్టర్లు వెళ్లని చిన్న ఊళ్లకూ, నగరాల్లోని ప్రభుత్వాస్పత్రులకూ వెళ్లారు. అమెరికా తన పిల్లల చదువు కుదించుకోవడమూ, మన పిల్లల్ని పిలిపించుకోవడమూ ఒకే అవసరానికి వేసిన రెండు ఎత్తులు. ఆ తాతల మనవలు ఇవాళ బీఎస్-ఎండీ దరఖాస్తులు నింపుతున్నారు.

ఈ కోర్సులన్నిటిలో నాకు బాగా నచ్చినది కాన్సాస్ సిటీది. గ్రే డైమండ్ అనే గుండె వైద్యుడు మిస్సోరీ యూనివర్సిటీవాళ్లకు ఒక కొత్త స్కూలు ఊహించి పెట్టాడు. 1971లో అది తెరుచుకుంది. వైద్యవిద్య ప్రయోగశాలల వైపు మరీ ఒరిగిపోయిందనీ, విద్యార్థి రోగిని చూసేసరికి ఏళ్లు గడిచిపోతున్నాయనీ ఆయన అభిప్రాయం. అందుకని ఆరేళ్ల కోర్సులో సాహిత్యం, చరిత్ర, శరీరశాస్త్రం, ఆస్పత్రి అన్నీ మొదటి ఏడాది నుంచే కలగలిపేశాడు. పన్నెండు మంది దాకా పిల్లలకు ఒక సీనియర్ డాక్టరు, ఆయన్ను ‘డోసెంట్’ అంటారు. హైస్కూలు దాటి కొన్ని వారాలైనా కాని పిల్లలు ఆయన వెనక వార్డులోకి వెళ్లి మంచం పక్కన నిలబడతారు. రోగం పేరు చెప్పడానికి కాదు. రోగిని ఎలా పలకరించాలి, ఎక్కడ ఆగి వినాలి అన్నది చూడటానికి. మూడో ఏడు నుంచి ప్రతి విద్యార్థికీ పై తరగతివాళ్లలో ఒకరిని జతచేస్తారు. వారానికి ఒక పూట క్లినిక్‌లో అవే మొహాలను ఏళ్ల తరబడి చూస్తారు. మధుమేహం ఉన్న ఒక మనిషి పరిస్థితి మూడేళ్లలో ఎలా మారుతుందో పుస్తకం చెప్పలేదు, ఆ క్లినిక్ చెబుతుంది. కాలం ఆదా చేయడానికి పుట్టిన ఆలోచన డైమండ్ చేతిలో పడి, రోగితో గడిపే కాలాన్ని పెంచే పద్ధతిగా మారింది.

రెండేళ్లకు, 1973లో, న్యూయార్క్ సిటీ కాలేజీ మొదలుపెట్టి, తర్వాత సోఫీ డేవిస్ పేరుతో ప్రసిద్ధమైన కోర్సు ఫ్లెక్స్‌నర్ కాలంలో తగిలిన గాయానికి కట్టు కట్టే ప్రయత్నం. హార్లెం పరిసరాల్లో, బ్రాంక్స్‌లో డాక్టర్లు లేరు, అక్కడి పిల్లలు డాక్టర్లు కావడమూ లేదు. వాళ్లను హైస్కూలు నుంచే తీసుకుని ఐదేళ్లు చదివించి, ఆఖరి రెండేళ్లకు వేరే మెడికల్ స్కూళ్లకు పంపేవారు. పట్టా పుచ్చుకున్నాక న్యూయార్క్ రాష్ట్రంలో డాక్టర్లు చాలని చోట రెండేళ్లు ప్రాథమిక వైద్యం చేస్తామని పిల్లలు ఒప్పుకోవాల్సి వచ్చేది. 2016లో అది పూర్తిస్థాయి మెడికల్ స్కూలైంది. అదే 1973లో ఈశాన్య ఒహాయోలో యాక్రన్, కెంట్, యంగ్స్‌టౌన్ యూనివర్సిటీలు కలిసి తమ ప్రాంతం కోసం ఇలాంటిదే పెట్టుకున్నాయి.

తర్వాత గాలి మారింది. డాక్టర్ల కొరత ఇక లేదని 1976లో చట్టంలోనే రాసి, విదేశీ డాక్టర్లకు తలుపు సగం మూశారు. 1980లో ఇంకో సంఘం 1990 నాటికి 70,000 మంది డాక్టర్లు ఎక్కువవుతారంది. తొందర పెట్టాల్సిన పనేముంది? ఆరేళ్ల కోర్సులు చాలావరకు ఏడేళ్లయ్యాయి. కొన్ని మూతపడ్డాయి. 1984లో బ్రౌన్ యూనివర్సిటీ పెట్టిన కోర్సు ఏకంగా ఎనిమిదేళ్లది. ఒక్క ఏడాదీ మిగలదు, మరి ఎందుకు? మెడికల్ సీటు కోసం పిల్లలు మార్కులు తప్ప ఇంకేమీ పట్టకుండా, పక్కవాణ్ణి శత్రువులా చూస్తూ డిగ్రీ ముగిస్తున్నారన్నది వాళ్ల బాధ. సీటు ముందే ఖాయం చేసేస్తే పిల్లలు ఎంక్యాట్ భయం లేకుండా సంగీతమో, లాటినో, ఆర్థికశాస్త్రమో మనసుపెట్టి చదువుకుంటారు. ఇక్కడ కొరత డాక్టర్లది కాదు, డాక్టర్లలో వెడల్పుది. న్యూయార్క్ మౌంట్ సైనాయ్ మెడికల్ స్కూలు 1987లో సాహిత్యం, చరిత్ర చదివే డిగ్రీ విద్యార్థులకు రెండో ఏటే సీటు ఇవ్వడం మొదలుపెట్టింది, అదీ ఇదే బాధతో.

పల్లెల కొరత మాత్రం తీరనే లేదు. 2006లో న్యూ మెక్సికో యూనివర్సిటీ తన రాష్ట్రపు హైస్కూలు పిల్లల్లోంచి ఏటా 28 మందిని ఎంచుకునే ఎనిమిదేళ్ల కోర్సు తెరిచింది. ఆ రాష్ట్రపు పల్లెలకు తిరిగి వెళ్లే డాక్టర్లు కావాలి వాళ్లకు.

ఇప్పుడు దరఖాస్తు సంగతి. చాలాచోట్ల ముందు అందరిలాగే కామన్ యాప్ అనే ఉమ్మడి దరఖాస్తులో యూనివర్సిటీకి పెట్టుకోవాలి. దానిపైన కోర్సుకు వేరే వ్యాసాలుంటాయి: డాక్టరే ఎందుకు, ఈ కోర్సే ఎందుకు, ఆస్పత్రిలో ఏం చూశావు. తర్వాత చాలాచోట్ల మెడికల్ స్కూలువాళ్ల ఇంటర్వ్యూ. సీటొచ్చాక కూడా మార్కులు పడిపోకూడదు, కొన్నిచోట్ల ఎంక్యాట్‌లో ఇంత రావాలనీ ఉంటుంది. మన పిల్లల వ్యాసాలు నేను చూసినంతలో అన్నిటికీ ఒకటే రాస్తారు: మార్కులు, ల్యాబ్‌లో పనిచేసిన వేసవి, తాతగారి ఆరోగ్యం. సోఫీ డేవిస్ వారసురాలైన స్కూలుకు, తన పేట గురించి ఒక్క మాట లేని వ్యాసం పంపితే వాళ్లేం చేసుకుంటారు? రసాయనశాస్త్రం తప్ప ఇంకో ఇష్టమే చెప్పని పిల్లవాడు బ్రౌన్‌కు ఎందుకు కావాలి? నాలుగు బడుల వ్యాసాలు దిద్దే కన్సల్టెంటుకు వేలు పోసే ముందు, ఆ కోర్సు ఎందుకు పుట్టిందో తల్లీ పిల్లా కూర్చుని ఒక సాయంత్రం చదువుకుంటే ఎంతో మేలు.

అన్నిటికంటే ముందు చూడాల్సిన గీత ఇంకొకటుంది. ఈ కోర్సుల్లో చాలావాటికి అమెరికా పౌరులూ గ్రీన్‌కార్డున్నవాళ్లే అర్హులు, కొన్నింటికి ఆ రాష్ట్రంవాళ్లే. హెచ్-1బీ వీసా మీద వెళ్లిన సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ల పిల్లలు, మూడో ఏట అక్కడికెళ్లి ఆ బళ్లలోనే పెరిగినా, గ్రీన్‌కార్డు వరస కదలక, తల్లిదండ్రుల వీసా మీద ఆధారపడిన హెచ్-4 మీదే పన్నెండో తరగతికి వస్తున్నారు. కాన్సాస్ సిటీ డోసెంటు వెనక నడవాలని ఐదేళ్లుగా ఆశపడ్డ అమ్మాయికి ఆ సంగతి నవంబరులో, ఫారం నింపుతుండగా తెలియకూడదు. తొమ్మిదో తరగతిలోనే ఇంట్లో చెప్పేయాలి. బయటివాళ్లను తీసుకునే కోర్సులు, బ్రౌన్ లాంటివి, తక్కువే అయినా ఉన్నాయి, మామూలు ఎనిమిదేళ్ల దారిలోనూ విదేశీ విద్యార్థుల్ని చేర్చుకునే మెడికల్ స్కూళ్లున్నాయి. ఆ జాబితా ముందు పెట్టుకుని కాలేజీలు ఎంచుకోవడానికి అప్పుడు ఇంకా మూడేళ్లు చేతిలో ఉంటాయి.