పెంటపాటి పరిసరములు – ఇనుపదారి

పశ్చిమ గోదావరి జిల్లాలోని పెంటపాడు, తాడేపల్లిగూడెము ఇరుగుపొరుగు ఊళ్లు. ఒకదాని పేరున 'పాడు', రెండవదాని పేరున 'గూడెము' ఉత్తరపదములు. 'పాడు' ప్రాచీన గ్రామనామములలో తఱచుగా కనబడునట్టిది. 'గూడెము' అనగా కొలదిపాటి యిండ్లు గల పల్లె. కేవలము నామములను బట్టి చూచువాడు మొదటిదే పెద్ద యూరనియు, రెండవది దాని చెంతనున్న చిన్న వాడయనియు తలచును. కాని నేడు గూడెము పట్టణము, పాడు గ్రామము. ఈ భేదమునకు ఇనుపదారి యెంతవరకు కారణమను ప్రశ్నను ఈ వ్యాసమున విచారింపదలచితిమి.

రైలు రాకకు పూర్వము ఈ సీమలో దారియే లేదనుట సత్యము కాదు. 1830–31లో ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చేసి, పదునైదు మాసములకు పైగా ప్రయాణించి చెన్నపట్టణము చేరెను. ఆనాడు దూరప్రయాణమునకు పల్లకీయు కాలినడకయు గతి. తరువాత 1847–1852 సంవత్సరముల నడుమ ధవళేశ్వరమున ఆనకట్ట వెలసెను. కృష్ణపై బెజవాడ ఆనకట్ట 1855 నాటికి పూర్తియయ్యెను. రెండు నదుల కాలువలును ఏలూరున కలిసికొనుటచే, పొలములకు నీరిచ్చు కాలువయే పడవలకు బాటయు నయ్యెను. బరువు సరకులకు ఇనుపదారికంటె నీటిదారియే చౌకయని ఆర్థర్ కాటన్ జీవితాంతము వాదించెను. అతని వాదము అధికారుల యెదుట నెగ్గలేదు. అయినను రైలు వచ్చిన పిమ్మట సైతము దశాబ్దులపాటు ఈ కాలువలలో ధాన్యపు పడవలు నడచినవి.

ఇక ఇనుపదారి విషయము. 1866 నాటి ఒరిస్సా కాటకమున, ధాన్యము చేర్చు మార్గము లేక లక్షలాది ప్రజలు మరణించిరి. 1880 నాటి క్షామసంఘము రైలుమార్గముల విస్తరణమును గట్టిగా కోరెను. ఈ నేపథ్యమున 1893 మొదలు 1896 వరకు ఈస్టుకోస్టు స్టేటు రైల్వే బెజవాడ కటకముల నడుమ క్రమముగా తెఱవబడెను. గోదావరి మాత్రము అడ్డు నిలిచెను. 1897 నవంబరులో మొదలైన వంతెన, 56 కమానులతో, సుమారు 2.7 కిలోమీటర్ల పొడవున, 1900 ఆగస్టులో రాకపోకలకు సిద్ధమయ్యెను. అంతవరకు కొవ్వూరు ఒక దారికి తుది, రాజమహేంద్రవరము మఱియొక దారికి మొదలు. 1901లో బెజవాడ వాల్తేరుల నడిమి భాగము మద్రాసు రైల్వేకు చేరెను.

క్షామనివారణ మొక్కటియే పాలకుల యుద్దేశము కాదు. సైన్యము చలనము, ఎగుమతి, దిగుమతి సరకుల విక్రయము – ఇవియు వారి లెక్కలో నుండెను. కఱవు సీమకు ధాన్యము చేర్చిన దారియే, ధర హెచ్చినపుడు పండిన సీమనుండి ధాన్యమును తరలించుకొని పోగలదు. కావున ఇనుపదారిని దొరల దానముగా కీర్తించుటయు, కేవలము దోపిడి సాధనముగా నిందించుటయు రెండును చరిత్రకు చాలవు. అది యే యూరిలో ఏమి చేసినదో విడివిడిగా చూడవలెను.

ఏలూరు రైలుచే పుట్టిన యూరు కాదు. వేంగీ రాజధానియైన పెదవేగి దాని సమీపముననే యున్నది. సర్కారుల కాలమున అది ఒక సర్కారునకు పేరిచ్చెను. తివాచీల నేతకు ప్రసిద్ధి కెక్కెను. అట్టి పట్టణమునకు రైలు ఉన్న ప్రాముఖ్యమును స్థిరపఱచెను. 1925లో పశ్చిమ గోదావరి జిల్లా యేర్పడినపుడు అదియే ముఖ్యపట్టణమయ్యెను. తాడేపల్లిగూడెము కథ వేఱు. ఏలూరు కాలువయు ఇనుపదారియు చేరువగా సాగు ఆ చోట, పడవనుండి బండికి, బండినుండి రైలుకు సరకు మారుటకు వీలు కలిగెను. చుట్టుప్రక్కల గ్రామముల ధాన్యమునకు అది కూడలి యయ్యెను. 1958లో అది పురపాలక సంఘమయ్యెను; 2015లో జాతీయ సాంకేతిక విద్యాసంస్థ అచ్చట వెలసెను. పెంటపాడు పొలములతో, పంటతో గ్రామముగా నిలిచి, రైలెక్కుటకు గూడెమునే ఆశ్రయించెను. ఒక యూరిలో స్టేషను నిలుచుట పొరుగూరి నడకను సైతము మార్చునని ఇందువలన తేలుచున్నది. అయితే కాలువ లేనిచో ఆ ధాన్యమే లేదు గనుక, గూడెము వృద్ధికి రైలొక్కటియే కారణమనుట సాహసము.

కొల్లేటి సీమలో ఈ ప్రభావము ఆలస్యముగా కనబడును. ప్రధానమార్గము సరస్సునకు ఉత్తరముగా సాగినది. గుడివాడ భీమవరముల నడిమి దారి దక్షిణముగా, కైకలూరు ఆకివీడుల మీదుగా, ఉప్పుటేరును దాటి పోవును. బుడమేరు, తమ్మిలేరు తెచ్చు నీరు కొల్లేటిలో నిలిచి ఉప్పుటేటి గుండ సముద్రము చేరవలెను. అట్టి పల్లపు నేలలో ఇనుపదారి కట్ట యెంత ముఖ్యమో, నీటిని విడుచు తూములును అంత ముఖ్యము.

భాషాశాఖకు చెందిన మేము మఱియొక సాక్ష్యమును చూపవలసియున్నది. పండితులు 'ధూమశకటము' అనిరి. జనులు 'పొగబండి' అనిరి. తుదకు 'రైలు' నిలిచెను. 'స్టేషను' పల్లెనోట 'టేషను' అయ్యెను. ఓడలలో పనిచేయు కళాసీ రైలుశాలలోనికి వచ్చెను. కడప సీమలోని యొక కోడూరు 'రైల్వే కోడూరు' అయ్యెను. నూజివీడు పేరు గల స్టేషను నూజివీటికి దూరముగా హనుమాన్ జంక్షనున నున్నది. ఎడ్లబండి కాలమున పని 'గాడిలో పడు'చుండెను, ఇప్పుడు 'పట్టాలెక్కు'చున్నది. ప్రభుత్వము పథకమునకు 'పచ్చజెండా ఊపు'చున్నది. పరాయిదైన వస్తువు జాతీయములలోనికి ప్రవేశించినదనగా, అది మనదైనదని యర్థము.

ఈ సొంతమగుట రాజకీయమునందును జరిగినది. 1909లో హింద్ స్వరాజ్యమున రైళ్లను ఖండించిన గాంధీమహాత్ముడే మూడవ తరగతి పెట్టెలో దేశమంతయు తిరిగెను; ఆ తరగతి యాత్రికుల యిక్కట్లను గూర్చి 1917లో వ్రాసెను. సామ్రాజ్యమునకై వేసిన దారి స్వరాజ్యవాణిని మోసెను.

1900 నాటి గోదావరి వంతెనపై 1997లో రైళ్లు ఆగిపోయినవి. స్తంభములు నిలిచియున్నవి; దానికి హేవలాకు గవర్నరు పేరు నిలిచియున్నది. మట్టి మోసినవారి, రాయి కొట్టినవారి పేర్లు ఏ ఫలకముపైనను లేవు. వారసత్వ మందఱిదని చెప్పుచు, దానిని కట్టిన చేతులను విడిచినచో ఆ మాట సగమే సత్యమగును. పాత కట్టడములు మార్పు చెందుచున్న ఈ కాలమున, పరిశోధకవిద్యార్థులు పెంటపాడు మొదలు ఆకివీడు వరకు ఊరూర తిరిగి గ్యాంగుమనుల, గేటుకాపరుల, పడవవారి కుటుంబములలో మిగిలిన మాటలను, జ్ఞాపకములను సేకరింపవలెనని మా కోరిక. ఇనుము తుప్పుపట్టుటకు చాలకాలము పట్టును. జ్ఞాపకమునకు అంత వ్యవధి లేదు.