మౌలాలి గుట్ట కింద

జర మంట దగ్గరికి జరుగుండ్రి. ఆ చిన్నోనికి మఫ్లర్ కట్టు బిడ్డా, గుట్ట మీదికెల్లి వచ్చే ఈ సలిగాలి మంచిది గాదు. పొద్దుగాల నువ్వు అడిగినవు సూడు, మనది సిటీనా, ఊరా అని. నేను పుట్టిననాడు మౌలాలి ఊరే. పట్నం అంటే చార్మినార్ దిక్కు, లష్కర్ అంటే సికింద్రాబాద్. లష్కర్‌కు పోతున్నమంటే మా అవ్వ ఉతికిన అంగీ తొడిగి, తలకు నూనె రాసి పంపేది. ఇప్పుడు నువ్వు కాలేజీకి రోజూ పోయి వచ్చే దూరమే అది.

ఊరికి పేరు ఆ గుట్ట మీది దర్గాతోనే వచ్చింది. పెద్దలు చెప్పే ముచ్చట గిట్ల ఉంటది. 1578ల, గోల్కొండను ఇబ్రహీం కుతుబ్‌షా ఏలుతున్న కాలం. దర్బారుల యాకూత్ అని ఒక ఖోజా ఉండె. ఒంట్ల బాగలేక లాలాగూడకు వచ్చి ఉన్నడట. ఒక రాత్రి కలల ఆకుపచ్చ బట్టలాయన వచ్చి, మౌలా నిన్ను పిలుస్తున్నడు రమ్మని తోలుకపోయిండట. గుట్ట మీద హజ్రత్ అలీ కుడిచెయ్యి ఒక రాయి మీద ఆనిచ్చి కూసున్నడట. తెల్లారి యాకూత్ పోయి చూస్తే ఆ రాయి మీద చెయ్యి గుర్తు ఉన్నదట. ఆ రాయినే చెక్కిచ్చి కమాన్ల నిలబెట్టిండ్రు. కల వచ్చింది రజబ్ నెల 17న. ఆ లెక్కనే ఇయ్యాల్టిదాక రజబ్‌ల ఉర్సు అయితది.

గుట్ట కింద గోడ లోపల ఒక తోట ఉన్నది. మీరు ఆ గోడ పక్కకెల్లే ట్యూషన్‌కు పోతరు గని లోపల ఎవరున్నరో మీకు తెల్వది. మహలఖా బాయి చందా ఉన్నది, ఆమె పక్కన కన్నతల్లి రాజ్‌కున్వర్ ఉన్నది. తల్లి కడుపుతోని ఉన్నప్పుడు మౌలాలికి మొక్కుకు వచ్చిందట. దారిల రక్తం పోయి, కడుపు నిలిచేటట్టు లేకుండె. దర్గా నుంచి దారం, ఊదు తెచ్చి ఇస్తే నిలిచిందట. గట్ల 1768ల పుట్టిన పిల్ల పెద్దగై రెండో నిజాం దర్బారుల పాటకు, ఆటకు, షాయరీకి పేరు మోసింది. గుర్రమెక్కి, బాణం పట్టి నిజాం ఎంబడి యుద్ధాలకు కూడా పోయింది. ఉర్దూల గజళ్ల దీవాన్ కూర్చిన తొలితరం ఆడోళ్లల్ల ఆమె పేరు ముందుంటది. ఆమెకు అడిక్‌మెట్‌ల జాగీరు ఉండె. నువ్వు రేపు చదువుతనంటున్న ఉస్మానియా యూనివర్సిటీ ఆ భూములల్లనే ఉన్నది. తల్లి కోసం 1792ల ఆ తోటల గుంబజు కట్టిచ్చింది, 1824ల తనూ అండ్లనే పండుకున్నది. నా చిన్నప్పుడు అదంత తుమ్మచెట్లు, పాములు. మేము పతంగి తెగితే తప్ప లోపలికి పోకపోతుండె. మొన్న మొన్న, 2010 ప్రాంతంల, బయటి దేశం పైసలు వచ్చి బాగు చేసినంక దానికి మల్ల మొకం తెలివొచ్చింది. బయటోళ్లు వచ్చి చెప్పేదాక మన తోట సంగతి మనకు పట్టకపాయె. గది నాకు ఇప్పటికీ బాధనే.

ఇగ మనోళ్లు ఎట్ల వచ్చిండ్రు అనేది వినుండ్రి. 1874ల వాడి అనే ఊరి నుంచి సికింద్రాబాద్ దాక రైలు పట్టాలు పడ్డయ్. 1886ల ఆ లైను ఓరుగల్లు దాక పోయింది. పోయేది మౌలాలి మీదికెల్లే. 1893ల లాలాగూడల వర్క్‌షాప్ పెట్టిండ్రు. ఇంజన్లు, డబ్బాలు మరమ్మతు చేసే కార్ఖానా. పని దొరికే జాగ ఒకటి పుట్టిందంటే జనానికి దావత్ ఇయ్యనక్కర లేదు. అరవోళ్లు వచ్చిండ్రు. డ్రైవర్లు, గార్డులు ఎక్కువ మంది ఆంగ్లో ఇండియన్లు. మరాఠోళ్లు, కన్నడోళ్లు వచ్చిండ్రు. మా నాయిన జనగామ దిక్కు నుంచి వచ్చిండు.

ఆయన రాక మామూలు రాక గాదు బిడ్డా. జనగామ తాలూకాల అప్పుడు దేశ్‌ముఖుల రాజ్యం. దొర గడీల వెట్టి. పండుగొచ్చినా, ఇంట్ల పీనుగ లేచినా పిలిస్తే పోవాలె. ఒకనాడు మా నాయిన రాత్రికి రాత్రి రైలు పట్టా పట్టుకొని నడుసుడు మొదలువెట్టిండు. పగలు చేన్లల్ల దాసుకొని, రాత్రి నడిచిండు. ఆ పట్టా ఎటు పోతే అటు పని ఉంటదని ఎవరో చెప్పిండ్రట. గంతే తెలుసు ఆయనకు. మౌలాలి గుట్ట కనపడ్డ కాడ ఆగిండు. లాలాగూడ వర్క్‌షాప్‌ల ఖలాసీగ దొరికిచ్చుకున్నడు. తరువాత 1946ల కడవెండిల దొడ్డి కొమురయ్యను దొర మనుషులు కాల్చి సంపిండ్రని తెలిసిననాడు నాయిన అన్నం ముట్టలేదని మా అవ్వ చెప్పేది.

రైల్వేల పని అంటే నెల జీతం. పల్లెల అది వింత. దొరకు దండం పెట్టకుండ పైసలు చేతికి వచ్చుడు అనేది మా నాయినకు చచ్చేదాక అబ్బురమే. జీతం రోజు చేతులు కడుక్కొని లెక్కపెట్టేటోడు.

మా ఇల్లు రెండర్రల పెంకుటిల్లు. గల్లీల ఒకటే నల్లా. మా అవ్వ తెల్లారక ముందు గంప ఎత్తుకొని పట్టాల కాడికి పోయేది. ఇంజను బూడిద దులిపే గుంతల సగం కాలిన బొగ్గులు మిగిలేటియి. వాటిని ఏరాలె. పైన సల్లగ కనపడతయ్, లోపల నిప్పు ఉంటది. ఆమె ముందు ఇనుప చువ్వతోని కదిలిచ్చి, నీళ్లు సల్లి, పొగ చూసి, అప్పుడు చెయ్యి పెట్టేది. ఇంటికి తెచ్చి మల్ల జల్లెడ పట్టి, పెద్దయి అన్నానికి, చిన్నయి పెండల కలిపి ఉండలు చేసి సలికాలానికి. ఆ ఉండల మంట చుట్టు గిట్లనే మేము కూసుందుము. ఆమె వేళ్ల సందుల నలుపు పండుగనాడు సున్నిపిండి పెట్టి రుద్దినా పోకపోతుండె. మా ఇంట్ల చదువులు ఆ బొగ్గుల మీదనే నడిచినయ్. ఇది మీరు యాదుంచుకోవాలె.

పక్కింట్ల తురకోళ్లు, ఇంకో పక్కన అరవ ముదలియార్లు. వాళ్ల అమ్మ ఇడ్లీ పిండి రుబ్బితే మాకు గిన్నెల పెట్టి పంపేది. రంజాన్‌ల ఇటు గోడ మీదికెల్లి షీర్‌ఖుర్మా వచ్చేది. మా అవ్వ బోనం ఎత్తుకుంటే పక్కింటి ఖాలా వేపరొట్టలు కోసి ఇచ్చేది. 1948 సెప్టెంబర్‌ల యూనియన్ సైన్యం వచ్చిన ఆ ఐదు రోజులు మాత్రం ఎవ్వరికీ నిద్ర లేదట. ముందు రజాకార్ల భయం, వెనుక ఇంకో తీరు భయం. నాయిన పగలు ఖాలా వాకిట్ల కూసున్నడట, ముదలియార్ రాత్రి కూసున్నడట. నేను అప్పుడు పాలు తాగే పిలగాన్ని. ఈ ముచ్చట మా అవ్వ నోటెంట ఎన్నిసార్లు ఇన్నా నాకు గొంతు పడతది.

ఉర్సు వచ్చిందంటే చూడాలె! గుట్ట కింది కమాన్ నుంచి మెట్ల దాక దుకాణాలు. గాజులు, మట్టిబొమ్మలు, పేలాలు, పెద్ద కడాయిల హల్వా, మొకమంత పరాటాలు. నాలుగు వందలకు పైన మెట్లు గుట్టకు. రాత్రి ఎక్కేటోళ్ల చేతుల లాంతర్లు కింది నుంచి మీది దాక వరుసగ కదిలేటియి. పట్నం నుంచి నవాబుల కుటుంబాలు వచ్చి గుట్ట కింద దిగే ఆచారం పాతకాలం నుంచి ఉండె. మా అవ్వ నాకు జ్వరం తగ్గాలని కొబ్బరికాయ మొక్కింది. దర్గాకు కొబ్బరికాయ ఏందని ఎవ్వరూ అడగలె. ముజావర్ తీసుకున్నడు, ఫాతిహా చదివి సగం చిప్ప చేతుల పెట్టిండు.

నేను కూడా రైల్వేలనే చేరిన. 1966 అక్టోబర్ 2న దక్షిణ మధ్య రైల్వే పుట్టింది, హెడ్ ఆఫీస్ సికింద్రాబాద్. ఇగ బెజవాడోళ్లు, తరువాత గుంతకల్లోళ్లు బదిలీల మీద వచ్చిండ్రు. 1969ల గోల్కొండ ఎక్స్‌ప్రెస్ వేసిండ్రు. ఆవిరి బండ్లల్ల దానంత జోరు దేశంల ఇంకోదానికి లేకుండె. అది పోతుంటే పట్టాల పక్క పెంకులు గడగడలాడేటియి.

1974 మే 8న దేశమంత రైల్వే సమ్మె. నేనూ దిగిన. ఇరవై రోజుల దగ్గర నడిచింది. జీతం లేదు, ఎందరినో జైల్ల పెట్టిండ్రు, ఎందరి నౌకర్లో ఊడినయ్. ఇంట్ల మీ పెద్దనాయిన పసిగుడ్డు. అప్పుడు మా గల్లీ కిరాణం ఆయన అందరికీ ఉద్దెర రాసిండు. ఒక్కని దగ్గర సుత అడగలె. సమ్మె విఫలమైందని పుస్తకాలల్ల రాస్తరు. ఊడిన నౌకర్లు 1977ల సర్కార్ మారినంక మల్ల వచ్చినయ్. అప్పుడు ఆ ఉద్దెర తీర్చనోడు మా గల్లీల లేడు.

ఇగ ఫ్యాక్టరీలు. 1967ల ఈసీఐఎల్ వచ్చింది. దాన్ని నిలబెట్టిన అయ్యగారి సాంబశివరావు గారు మోగల్లు మనిషి. ఏఎస్ రావు నగర్ అని మీరు అంటరే, ఆయన పేరే అది. 1971ల ఎన్‌ఎఫ్‌సీ, అణు కరెంటు ప్లాంట్లకు ఇంధనం చేసేది. నేను మేకలను తోలిన జొన్నచేన్లు కాంపౌండు గోడల లోపలికి పోయినయ్. హౌసింగ్ బోర్డు కాలనీ లేచింది. ఈసీఐఎల్ వాళ్లు చేసిన ఈసీ టీవీ మా గల్లీకి ఒకటి వస్తే, శుక్రవారం చిత్రలహరికి వాకిలంత చాపలే. గల్లీల ఇడ్లీ, షీర్‌ఖుర్మా ఎట్ల పంచుకున్నమో ఆ టీవీనీ గట్లనే పంచుకున్నం.

తరువాత ముచ్చట మీకు తెలిసిందే. మల్కాజిగిరి మున్సిపాలిటీ 2007ల జీహెచ్‌ఎంసీల కలిసింది, 2016ల జిల్లా పేరు మారింది. 2024ల ఎంఎంటీఎస్ బండి మౌలాలి నుంచి సనత్‌నగర్ మీదుగ లింగంపల్లికి నడిచింది, 2025 జనవరిల చర్లపల్లి పెద్ద టెర్మినల్ అయింది. మంచిదే. ఊరు పెరగొద్దని నేను అనను, పెరగబట్టే కదా మీ నాయినకు పని దొరికింది. గని గుట్ట సుట్టు బండలు పగలగొట్టి ప్లాట్లు చేసుడు, మెట్ల మీదిదాక గోడలు జరుపుడు చూస్తే పాణం ఒప్పది. ఇల్లు ఎప్పుడైనా కట్టుకోవచ్చు. ఆ బండను ఎవడు మల్ల పుట్టిస్తడు? ఖాలా కొడుకులు ఇప్పుడు వేరే బస్తీల ఉన్నరు, ముదలియార్ పిల్లలు చెన్నై పోయిండ్రు. అందుకని ఈ ముచ్చట్లు చెప్పే పని నా మీదనే పడ్డది.

ఈ ఆదివారం నన్ను కమాన్ దాక ఆటోల తోలుకపోండ్రి. నా మోకాళ్లతోని మెట్లు గావు, నేను కింద కూసుంట, మీరు ఎక్కుండ్రి. దిగినంక మహలఖా తోటల చెప్పులు విడిచి పోండ్రి, ఆమె పేరు పలకమీద చదివి వచ్చి నాకు చెప్పుండ్రి. గుట్ట మీద, తోటల, యాడ గూడ మీ పేర్లు గీకకుండ్రి. గీకేటోడు కనపడితే వద్దని చెప్పుండ్రి.