నూరు దేని మీద?

శాతం లెక్కలో గుణకారం దగ్గర తప్పు జరగడం అరుదు. తప్పేది నూరు దగ్గరే. లాభశాతం అడిగితే కొన్న వెలను నూరనుకోవాలి. ముదరా అడిగితే ప్రకటన వెలను నూరనుకోవాలి. అమ్మిన వెల మీద 20 శాతం లాభం అని ప్రశ్నలో ఉంటే, అదే లాభం కొన్న వెల మీద 25 శాతం అవుతుంది. బ్యాంకు, రైల్వే, గ్రూప్స్ పరీక్షలకు చదివేవాళ్లు నెలల తరబడి సాధన చేసే లాభనష్టాల అధ్యాయమంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది: నూరు దేని మీద? రూపాయికి నూరు పైసలు వచ్చింది 1957 ఏప్రిల్ 1న. ఆ తేదీ వచ్చినప్పుడల్లా నూటి లెక్క మన చేతికి ఎలా చేరిందో ఒకసారి వెనక్కి వెళ్లి చూడదగ్గదే.

వడ్డీ విషయంలో నూటి లెక్క చాలా పాతది. కౌటిల్యుని అర్థశాస్త్రం నూరు పణాలకు నెలకు ఒకటింబావు పణం ధర్మమైన వడ్డీ అంటుంది. వర్తకానికి అయిదు, అడవి దారుల్లో తిరిగే వ్యాపారికి పది, సముద్ర వ్యాపారికి ఇరవై. ప్రమాదం పెరిగేకొద్దీ రేటు పెరిగింది, నూరు మాత్రం కదలలేదు. ఈనాటికీ పల్లెల్లో ‘నూటికి రెండు’ అంటే నూరు రూపాయలకు నెలకు రెండు రూపాయలనే అర్థం. బ్యాంకు భాషలో అది ఏడాదికి 24 శాతం. నూటికి అనగానే ఊళ్లో నెల, బ్యాంకులో ఏడాది గుర్తొస్తాయి. బారువడ్డీ లెక్కల్లో చాలామంది తడబడేది ఇక్కడే.

క్రీ.శ. 499లో ఆర్యభటుడు త్రైరాశికాన్ని చెప్పాడు. ప్రమాణం, ఫలం, ఇచ్ఛ అని మూడు రాశులు. ఫలాన్ని ఇచ్ఛతో గుణించి ప్రమాణంతో భాగించాలి. ఈ పద్ధతిలో ఒక గొప్ప సుగుణం ఉంది. దేని మీద లెక్క వేస్తున్నామో దానికి ‘ప్రమాణం’ అని ముందే పేరు పెట్టనిదే లెక్క కదలదు. 9వ శతాబ్దంలో రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంలో మహావీరాచార్యుడు గణితసారసంగ్రహంలో వడ్డీలు, మిశ్రమాలు, వర్తకుల పంపకాలు విస్తారంగా చర్చించాడు. దాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ఆంధ్ర మహాభారతం రూపుదిద్దుకుంటున్న యుగానికి దగ్గరలోనే తెలుగులో లెక్కల పుస్తకం కూడా పుట్టిందన్నది గర్వించదగ్గ సంగతి. ఆ తర్వాత వందల ఏళ్లపాటు అంగళ్లలో, కరణాల కవిలెల్లో లెక్క సాగింది. అక్కడ చెల్లింది శాతం కాదు, భిన్నం. కాలు, అర, ముక్కాలు, వీసం. వీసమంటే పదహారో వంతు.

రూపాయికి పదహారు అణాలు కావడంతో వీసం చేతికందే నాణెమైంది. రెండణాలు బేడ, నాలుగణాలు పావలా. ‘రూపాయికి అణా లాభం’ అన్న వర్తకుడు శాతం ఊసెత్తకుండానే 6¼ శాతం లాభం చెప్పినట్టు. పెట్టుబడి రూపాయి, లాభం అణా. నూరు దేని మీద అన్న అనుమానానికి ఆ మాటలో చోటే లేదు. నేటి కోచింగ్ తరగతుల్లో 1/16 అంటే 6¼, 1/8 అంటే 12½, 3/16 అంటే 18¾, 3/8 అంటే 37½ అని కంఠస్థం చేయిస్తారు. అణా, బేడ, మూడణాలు, ఆరణాలతో సరుకులు కొన్న తరానికి ఆ పట్టిక బట్టీ పట్టాల్సిన అవసరమే రాలేదు. తెలుగులో పూర్తిదనాన్ని చెప్పడానికి ఇప్పటికీ రెండు మాటలు పక్కపక్కనే బతుకుతున్నాయి: పదహారణాలు, నూటికి నూరు.

ఈ కథలో అన్నిటికంటే చక్కని పాఠం హైదరాబాద్ రాజ్యానిది. నిజాం ఏలుబడిలో సొంత నాణెం ఉండేది. పేరు హాలీ సిక్కా. చార్మినార్ బొమ్మ ముద్రించిన వెండి రూపాయి అదే. సరిహద్దు దాటితే బ్రిటిష్ రూపాయి. దాన్ని జనం కల్దారు అనేవారు. రెంటి మారకం చివరి దశాబ్దాల్లో ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దారు రూపాయల చొప్పున నిలిచింది. నూరు కల్దారులకు 116 రూపాయల 10 అణాల 8 పైసల హాలీ. (ఆ పైసలు నేటి పైసలు కావు. అణాకు పన్నెండు.) శుభకార్యాల్లో నూటపదహార్లు చదివించే ఆచారం ఈ మారకం నుంచే వచ్చిందని ఒక కథ చెబుతారు. ఆ కథ మాట ఎలా ఉన్నా, 116-10-8 అన్న అంకె ఆనాటి షావుకార్లకు ఎక్కంలా నోటికి వచ్చేది.

ఈ మారకంలో ఉన్న మెలిక ఏ పరీక్ష ప్రశ్నకూ తీసిపోదు. కల్దారును హాలీలోకి మారిస్తే ఆరు ఏడవుతాయి. పెరిగింది ఆరింట ఒకటి, అంటే 16⅔ శాతం. హాలీని కల్దారులోకి మారిస్తే ఏడు ఆరవుతాయి. తగ్గింది ఏడింట ఒకటి, అంటే 14 2/7 శాతం. రూపాయలు అవే, మారకం అదే. అయినా వెళ్లేటప్పటి బట్టా (మారకపు తేడా) ఒకటి, వచ్చేటప్పటి బట్టా మరొకటి. పోయేటప్పుడు నూరు కల్దారుది, వచ్చేటప్పుడు నూరు హాలీది కావడమే కారణం. 16⅔ శాతం పెరిగింది గనుక అంతే తగ్గుతుందని ఎవరైనా 700 హాలీ రూపాయలకు లెక్క కడితే 583 రూపాయల 5 అణాల 4 పైసలు వస్తాయి. రావలసింది 600 కల్దారులు. తక్కువ పడింది సరిగ్గా 16 రూపాయల 10 అణాల 8 పైసలు.

ఖమ్మంలో హాలీ ఇచ్చి సరుకు కొని, బెజవాడలో కల్దారుకు అమ్మిన వర్తకుణ్ని ఊహించుకోవచ్చు. కొన్న వెల 700, అమ్మిన వెల 660. అంకెలు మాత్రమే చూసినవాడు నలభై నష్టమంటాడు. కొన్న వెలను కల్దారులోకి మారిస్తే 600. లాభం 60, అంటే పది శాతం. కొన్న వెల, అమ్మిన వెల ఒకే ప్రమాణంలో లేనప్పుడు తీసివేత మొదలుపెట్టకూడదన్న సూత్రాన్ని ఇంతకంటే బాగా చెప్పే ఉదాహరణ పాఠ్యపుస్తకాల్లో దొరకడం కష్టం. పాఠశాలల్లో ఈ లెక్క చెబితే గణితం, చరిత్ర రెండూ ఒకే గంటలో వస్తాయి.

హైదరాబాద్ రాజ్యం భారతదేశంలో కలిశాక 1950లలో హాలీ సిక్కా చెలామణీ నుంచి తప్పుకుంది. ఆ నాణేల వ్యవహారం చూసిన హైదరాబాద్ స్టేట్ బ్యాంక్ 1941 చట్టంతో ఏర్పడి 1942లో పని మొదలుపెట్టింది. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్‌గా పేరు మార్చుకున్న ఆ సంస్థ 2017లో ఎస్‌బీఐలో విలీనమైంది. ఆ విలీనం కూడా ఏప్రిల్ 1నే.

ఇక నయా పైస. 1955లో నాణేల చట్టాన్ని సవరించారు, 1957 ఏప్రిల్ 1న అమలు చేశారు. కొత్త ఒక పైస నాణెం మీద హిందీలో, రూపాయిలో నూరో భాగమని రాసి ఉండేది. శాతానికి నిర్వచనం జనం జేబుల్లోకి వచ్చింది. పాత అణాలు, కొత్త పైసలు కొన్నేళ్లు కలిసే చెల్లాయి. అణాకు ఆరుంబావు పైసలు. పావు పైస నాణెం లేదు కనుక సవరించక తప్పలేదు. అధికారిక పట్టికలో అణాకు 6, రెండణాలకు 12, మూడణాలకు 19, నాలుగణాలకు 25. దాంతో దేశమంతా ఒక లాభనష్టాల లెక్కలో పడింది. అణా సరుకుకు ఆరు పైసలు పుచ్చుకున్న దుకాణదారుకు నాలుగు శాతం నష్టం. మూడణాల సరుకుకు పంతొమ్మిది పుచ్చుకుంటే 1⅓ శాతం లాభం. అణా చొప్పున విడివిడిగా పదహారుసార్లు అమ్మితే చేతికొచ్చేది 96 పైసలే. ఒక్కసారిగా అమ్మితే నిండు రూపాయి. 1964లో ‘నయా’ అన్న మాట తీసేశారు. పైస మిగిలింది. పావలా, అర్ధరూపాయి మాత్రం నోటి నుంచి పోలేదు.

అక్కడి నుంచి కథ ఒకే దారిన నడవదు. 1969 జూలై 19న 14 బ్యాంకులను జాతీయం చేశాక శాఖలు పెరిగాయి, ఉద్యోగాలు పెరిగాయి, ఎంపిక పరీక్షల్లో లాభనష్టాల లెక్కలకు స్థిరమైన చోటు దక్కింది. నంద్యాల బ్యాంకు కోచింగ్‌కు పేరు తెచ్చుకుంది. హైదరాబాద్‌లో అశోక్‌నగర్, దిల్‌సుఖ్‌నగర్ గదులు అభ్యర్థులతో నిండాయి. 2011లో బ్యాంకు ఉద్యోగాలకు ఐబీపీఎస్ ఉమ్మడి రాతపరీక్ష మొదలైంది. అదే ఏడాది సివిల్స్ ప్రిలిమ్స్‌లోకి సీశాట్ అనే ఆప్టిట్యూడ్ పేపరు వచ్చింది. 2015లో దాన్ని 33 శాతం మార్కులతో గట్టెక్కితే చాలన్న స్థాయికి మార్చారు. ఇప్పుడు విడి లెక్కల కంటే పట్టికలు, చిత్రపటాల మీద ప్రశ్నల వరస పెరిగింది. బజారు కూడా పరీక్షలాగే మాట్లాడుతోంది. 50 శాతం తగ్గింపు మీద మరో 20 శాతం అంటే 70 కాదు, 60. రెండో నూరు మొదటి తగ్గింపు పోగా మిగిలిన సగం మీద లెక్కించేది.

బ్యాంకు క్లర్కు ప్రిలిమ్స్‌లో 35 లెక్కలకు 20 నిమిషాలు. ఒక్కోదానికి 34 సెకన్లు. తప్పు జవాబుకు పావు మార్కు కోత. అంత తొందరలో గుర్తుండవలసిన లెక్క ఒకటుంది. రెండు వస్తువులను ఒకే వెలకు అమ్మితే ఒకదాని మీద 20 శాతం లాభం, మరోదాని మీద 20 శాతం నష్టం వచ్చింది. లాభం నష్టం సరిపోయాయనిపిస్తుంది. ఒక్కో వస్తువు 1200కు అమ్మారనుకుంటే మొదటిది కొన్నది 1000కి, రెండోది 1500కి. పెట్టింది 2500, వచ్చింది 2400. నాలుగు శాతం నష్టం. శాతాలు సమానమే, నూర్లు సమానం కావు. దొంగ తూకం లెక్కా ఇంతే. కిలోకు 900 గ్రాములు తూచి కొన్న ధరకే అమ్మినవాడి లాభం పది శాతం కాదు, 11 1/9 శాతం. అతను పెట్టుబడి పెట్టింది 900 గ్రాముల మీదే.

2021లో తీసుకున్న నిర్ణయంతో క్లర్కు పరీక్ష తెలుగులోనూ రాసే వీలు కలిగింది. మాటలు తెలిసినవైతే లెక్క సగం తేలికపడుతుంది. ‘ఎ’ జీతం ‘బి’ జీతం కంటే 16⅔ శాతం ఎక్కువైతే, ‘బి’ జీతం ‘ఎ’ జీతం కంటే ఎంత శాతం తక్కువ? హాలీ, కల్దారుల లెక్కే మళ్లీ ఎదురవుతుంది. ఇలాంటి ప్రశ్న కింద ఇచ్చే జవాబుల్లో 16⅔ ఉంటుంది. 14 2/7 కూడా ఉంటుంది.