హొలషోవిత్సె: వెట్టి తీరాక కట్టిన ఇళ్ళు

ఆఫీసులో 'బాట్' అనే మాట రోజుకి ఇరవైసార్లన్నా వాడతాను. అది 'రోబో'కి ముద్దుపేరు. రోబో మాత్రం చెక్ భాష మాట. 1920లో కారెల్ చాపెక్ తన ఆర్.యు.ఆర్. నాటకంలో కృత్రిమ పనివాళ్ళకి పేరు వెతుకుతుంటే, చిత్రకారుడైన అన్న యోసెఫ్ 'రోబోతి' అని అందించాడు. 'రోబోత' అంటే దొర పొలంలో కూలి లేకుండా చేసి తీరాల్సిన పని. ఇంగ్లీషు పుస్తకాలు దీన్ని చెప్పడానికి నానా తంటాలు పడతాయి. మనకి ఆ ఇబ్బంది లేదు, అచ్చంగా సరిపోయే మాట ఉంది: వెట్టి.

ఆ వెట్టి జరిగిన నేల ఎలా ఉంటుందో చూడాలని ఉండేది. పోయిన వేసవిలో ప్రాగ్‌లో ఆఫీసు పని అయిపోయి రెండు రోజులు మిగిలితే దక్షిణ బొహీమియా వెళ్ళాను. అటు వెళ్ళేవాళ్ళంతా చెస్కీ క్రుమ్‌లోవ్ కోట చూసి వచ్చేస్తారు. నేను చెస్కె బుద్యెయోవిత్సె పట్నం నుంచి పడమరగా పదిహేను కిలోమీటర్లలో ఉన్న హొలషోవిత్సె అనే పల్లెకి బస్సెక్కాను. 1998 నుంచీ యునెస్కో జాబితాలో ఉన్న ఊరు. కోట లేదు, రాజు లేడు. ఉన్నవన్నీ రైతుల ఇళ్ళే.

ఊరంతా తిరగడానికి పావుగంట చాలు. మధ్యలో రెండొందల మీటర్ల పొడవున పచ్చిక మైదానం, అందులో ఒక చేపల కుంట, కొలిమి, 1755 నాటి చిన్న ప్రార్థనాలయం. చుట్టూ ఇరవైమూడు రైతు లోగిళ్ళు. ఒక్కో లోగిలి ఇరుకైన పొడుగాటి స్థలంలో ఉంటుంది: ముందు ఇల్లు, గాదె, వెనక పశువుల కొట్టం, గడ్డి కొట్టం, ఆ వెనక తోట. ఇళ్ళు మారాయి గానీ ఈ స్థలాల గీతలు మధ్యయుగాల్లో గీసినవే.

ఈ ప్రాంతపు రైతు ఇళ్ళలో నాకు బాగా నచ్చిన ఏర్పాటు 'వీమ్యెనెక్'. పొలం ముక్కలు కాకుండా ఒక్కరికే అప్పగిస్తారు. అప్పగించాక అమ్మానాన్నలు అదే లోగిట్లో ఒక పక్క గదుల్లోకి మారతారు. ఏటా వాళ్ళకి ఎంత ధాన్యం, ఎన్ని పాలు, ఎంత కట్టెలు ఇవ్వాలో కాగితం మీద రాసుకుంటారు. ముసలివాళ్ళని వంతులవారీగా కొడుకుల ఇళ్ళకి తిప్పే మనకి ఇది కర్కశంగా కనపడొచ్చు. నాకైతే ఆ కాగితమే ఎక్కువ మర్యాదగా అనిపించింది.

ఇక ఇళ్ళ ముఖాలు. ప్రతి ఇల్లూ మైదానం వైపు ఒక ముక్కోణపు ముంగోడ నిలబెడుతుంది. దాని అంచులు చర్చి గోపురాల్లాగా వంపులు తిరిగి ఉంటాయి, మీద లేత రంగు సున్నం, గచ్చుతో చేసిన తీగలూ పూలూ. దీన్ని 'దక్షిణ బొహీమియా జానపద బరోక్' అంటారు. ఆ పేరులో కొంచెం చిన్నచూపు ఉంది. నగరాల్లో బరోక్ పాతబడిపోయిన ఎన్నో దశాబ్దాల తర్వాత పల్లె మేస్త్రీలు దాన్ని అందుకున్నారని, అంటే ఆలస్యంగా మేలుకున్నారని అర్థం వస్తుంది. కానీ ఆ ఆలస్యానికి కారణం అభిరుచి కాదు.

1292లో రాజు రెండో వాత్స్లావ్ ఈ ఊరిని విష్షీ బ్రోద్‌లోని సిస్టర్షియన్ మఠానికి ఇచ్చేశాడు. అప్పట్నుంచి 1848 దాకా, అంటే ఐదున్నర శతాబ్దాలు, ఊరికి దొర ఆ మఠమే. 1775లో బొహీమియా రైతులు తిరగబడితే, వియన్నా ప్రభుత్వం వెట్టిని వారానికి గరిష్ఠంగా మూడు రోజులకి తగ్గించింది. తగ్గించాక మూడు రోజులు! 1848 విప్లవంలో హాన్స్ కుద్లిఖ్ అనే రైతుబిడ్డ, పట్టుమని పాతికేళ్ళు కూడా లేనివాడు, పార్లమెంటులో వెట్టి రద్దుకి తీర్మానం పెట్టాడు. ఆ సెప్టెంబరులో చట్టమైంది. దొరలకి పరిహారం ఇవ్వకూడదన్న అతని మాట మాత్రం నెగ్గలేదు. పోయిన వెట్టికి విలువ కట్టి, అందులో మూడో వంతు రైతుల చేతే కట్టించారు. తమ వెన్నెముకని తామే కొనుక్కున్నారన్నమాట.

ఈ ముంగోడలన్నీ ఆ తర్వాతవే అనను. ఇక్కడి ఇటుక ఇళ్ళు 18వ శతాబ్దం చివర్నుంచీ ఉన్నాయి. కానీ ఊరికి ఇప్పుడున్న రూపం ఎక్కువగా 19వ శతాబ్దపు రెండో సగంలోనే వచ్చింది. వారంలో మూడు రోజులు తమవైనప్పుడు, గింజలు తమ గాదెలోకే వచ్చినప్పుడు, ఆ రైతులు చేసిన పని దొరల భవనాల వంపుల్ని తెచ్చి తమ ఇంటికి పెట్టుకోవడం. నేనైతే ఆ గచ్చు పూలని కళాచరిత్రలో కంటే ముందు భూమి చరిత్రలో చదువుతాను.

అయితే ఆ పూలు పెట్టించుకున్నది ఎవరు? ఎక్కువమంది జర్మన్ మాట్లాడేవాళ్ళు. 1520-25 మధ్య ప్లేగు వచ్చి ఊళ్ళో ఇద్దరే మిగిలారు. మఠం వాళ్ళు బవేరియా, ఆస్ట్రియాల్లోని తమ భూముల నుంచి జనాన్ని తెచ్చి ఊరిని మళ్ళీ నింపారు. 1895 లెక్కల్లో జర్మన్లు 157 మంది, చెక్‌లు 19 మంది.

యుద్ధం తర్వాత ఆ 'జర్మన్లు వెళ్ళిపోయారు' అని పర్యాటక రాతల్లో ఒక వాక్యం తరచూ కనిపిస్తుంది. వెళ్ళిపోలేదు, వెళ్ళగొట్టారు. చెకోస్లొవాకియా మొత్తం మీద ముప్ఫై లక్షల మందిని. మనిషికి ముప్ఫై నుంచి యాభై కిలోల మూట. ఇల్లు, పొలం, పశువులు జప్తు. ఈ కోపానికి కారణాలు లేకపోలేదు. 1935 ఎన్నికల్లో ఆ దేశపు జర్మన్ ఓట్లలో దాదాపు మూడింట రెండు వంతులు హెన్లైన్ పార్టీకి పడ్డాయి. ఆ పార్టీయే తర్వాత హిట్లర్ చేతిలో పనిముట్టయింది. 1942లో లిదిత్సె అనే పల్లెలో నాజీలు మగవాళ్ళందర్నీ కాల్చి ఊరిని నేలమట్టం చేశారు. ఇవన్నీ తెలిసీ, నాకు ఆ తీర్పు మింగుడుపడదు. నేరం చేసినవాడి పేరు రాయాల్సిన చోట మాతృభాష రాశారు. ఫాసిజాన్ని ఎదిరించామని రుజువు చేసుకున్నవాళ్ళకి మినహాయింపు ఉండేది. కానీ పాలు తాగే పిల్లలు ఏం రుజువు చూపిస్తారు?

ఆ తర్వాత నలభై ఏళ్ళు చాలా లోగిళ్ళు పాడుబడ్డాయి. ఊరు ఇంత చెక్కుచెదరకుండా మిగలడానికి అదీ ఒక కారణం అని నా అనుమానం. డబ్బూ మనుషులూ ఉన్న పల్లెల్లో పెద్ద కిటికీలు, సిమెంటు పూత, మేడమీద గది వస్తాయి. ఎక్కడైనా అంతే, మన ఊళ్ళ మండువా ఇళ్ళు ఏమయ్యాయో చూశాం కదా. ఇక్కడ మార్చేవాళ్ళే లేరు. 1990 తర్వాత బాగుచేయడం మొదలైంది. ఇప్పుడు నూట నలభై మంది దాకా ఉంటారు. శ్రద్ధగా చూసుకుంటున్నారు, ముంగోడల కింద పూలకుండీలు పెట్టారు. వాళ్ళని తప్పుపట్టడానికి ఏమీ లేదు.

సాయంత్రం బస్సుకి టైముందని ఒక కొట్టం పక్కనుంచి ఊరి వెనక్కి నడిచాను. దూరంగా క్లెత్ కొండ, 1084 మీటర్లు, దాని కింద బ్లాన్‌స్కీ అడవి. తోటలు దాటాక కంటికి ఆనినంత మేరా ఒకటే పొలం. ఎక్కడా ఒక్క గట్టు లేదు. 1948 తర్వాత కమ్యూనిస్టు ప్రభుత్వం సమష్టి వ్యవసాయం కోసం దేశమంతటా పొలాలు కలిపేసి గట్లు దున్నించేసింది. 1989 తర్వాత భూముల హక్కులు తిరిగి ఇచ్చారు గానీ, చాలామంది దూరంగా ఉండి కౌలుకిచ్చేస్తారు. చెక్ దేశపు పొలాలు ఇప్పటికీ యూరప్‌లోకెల్లా పెద్దవాటిలో లెక్క. ఎవరి పొలం ఎక్కడ మొదలవుతుందో చెప్పాలంటే రికార్డు తెరిచి చూడాల్సిందే. గాదె గోడ మీది గచ్చు తీగలు మాత్రం రోడ్డు మీంచి కూడా కనిపిస్తాయి.