క్రిస్మస్ ఖర్చు - సామాన్యుల పొదుపు చరిత్ర

పండుగ వచ్చేది సంతోషం కోసమే. కానీ జీతం మీద, పింఛను మీద బతికే ఇళ్ళలో పండుగకు ముందు నెల రోజులూ లెక్కలతోనే గడుస్తాయి. ఈ బెంగ మన ఒక్కరిదే కాదు, ఈనాటిదీ కాదు. క్రిస్మస్ ఖర్చు కోసం సామాన్యులు ఏయే కాలాలలో ఏయే ఏర్పాట్లు చేసుకున్నారో, వాటిలో ఏవి నిలిచాయో, ఏవి కూలిపోయాయో సభ్యుల ముందు పెట్టడమే ఈ వ్యాసం ఉద్దేశం.

17వ శతాబ్దంలో ఇంగ్లండులో పని నేర్చుకునే కుర్రవాళ్ళ దగ్గర మట్టి డిబ్బీలు ఉండేవి. యజమానులు, ఖాతాదారులు అందులో నాణేలు వేసేవారు. క్రిస్మస్ నాడు దానిని పగలగొట్టి సొమ్ము తీసుకునేవారు. డిసెంబరు 26కు బాక్సింగ్ డే అనే పేరు రావడానికి ఇలాంటి పెట్టెలే కారణమని ఒక వివరణ ఉంది. మన జాతరలలో అమ్మే మట్టి ముంతకూ దీనికీ తేడా లేదు. పగలగొడితే గానీ డబ్బు రాదు. అదే దాని గొప్ప గుణం.

1843లో వెలువడిన చార్లెస్ డికెన్స్ 'ఎ క్రిస్మస్ కేరల్'లో బాబ్ క్రాచిట్ మనవంటి గుమాస్తాయే. వారానికి 15 షిల్లింగుల జీతం, ఇంటి నిండా పిల్లలు. అయినా పండుగకు వాళ్ళింట్లో బాతు వండుతారు. ఆ కాలపు పేదలకు బాతు కొనడం పెద్ద ఖర్చు. అందుకే 'గూస్ క్లబ్బులు' పుట్టాయి. వారం వారం కొన్ని పెన్నీలు కడితే క్రిస్మస్‌కు బాతు చేతికి వచ్చేది. 1892లో అచ్చయిన కానన్ డాయిల్ షెర్లాక్ హోమ్స్ కథ ఒకటి ఇలాంటి క్లబ్బు బాతు చుట్టూనే తిరుగుతుంది. అయితే డబ్బు తరచుగా పానశాల యజమాని చేతిలో ఉండేది. ఆయన మంచివాడైతే బాతు వచ్చేది, కాకపోతే లేదు. ప్రభుత్వ హామీతో చిన్న మొత్తాలు దాచుకునే తపాలా పొదుపు బ్యాంకు అక్కడ 1861లో, మన దేశంలో 1882లో మొదలైంది.

అమెరికాలో 1909లో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని కార్లైల్ పట్టణపు బ్యాంకు 'క్రిస్మస్ క్లబ్' ఖాతాలు తెరిచింది. ప్రతి వారం నిర్ణీత మొత్తం కట్టాలి, పండుగ ముందు ఒక్కసారిగా తీసుకోవాలి. ఈ పద్ధతి దేశమంతా పాకింది. వడ్డీ తక్కువైనా జనం చేరారు. వాళ్ళకు కావలసింది వడ్డీ కాదు, మధ్యలో చెయ్యి పెట్టకుండా ఆపే కట్టుబాటు.

కానీ 1930 డిసెంబరు 11న, పండుగకు సరిగ్గా రెండు వారాల ముందు, న్యూయార్కులో 'బ్యాంక్ ఆఫ్ యునైటెడ్ స్టేట్స్' మూతపడింది. పేరు చూసి ప్రభుత్వ బ్యాంకు అనుకునేవారు గానీ అది ప్రైవేటుదే. నాలుగు లక్షల మందికి పైగా డిపాజిటుదారుల సొమ్ము చిక్కుకుపోయింది. ఇలాంటి దెబ్బల తర్వాతనే 1933లో చట్టం వచ్చి, 1934 జనవరి 1 నుంచి 2,500 డాలర్ల వరకు డిపాజిట్లకు బీమా అమలైంది. మన దేశంలో ఇది 1962లో 1,500 రూపాయల పరిమితితో మొదలై, 1993లో లక్షకు, 2020లో 5 లక్షలకు పెరిగింది.

బ్యాంకు కాని చోట ఈ రక్షణ ఉండదు. 2006 అక్టోబరులో ఇంగ్లండులో ఫేర్‌పాక్ అనే సంస్థ కూలిపోయింది. క్రిస్మస్ బుట్టలు, కూపన్లు ఇస్తామని ఏడాది పొడుగునా వాయిదాలు కట్టించుకున్న సంస్థ అది. లక్ష మందికి పైగా నష్టపోయారు. కట్టినవారిలో ఎక్కువ మంది పేద గృహిణులు. ఏళ్ళ తరబడి పోరాడితే సుమారు సగం సొమ్ము తిరిగి వచ్చింది. మన ఊళ్ళలో అనుమతి లేని చీటీలు, పండుగ స్కీములు నడిపేవారిని చూసినప్పుడల్లా నాకు ఈ సంగతి గుర్తుకొస్తుంది.

ఇక మన సంగతి. గుంటూరు, కృష్ణా, ప్రకాశం జిల్లాల పల్లెలలో క్రిస్మస్ వరికోతల రోజులలో వస్తుంది. చేతికి కూలి డబ్బులు, ఇంట్లోకి గింజలు వచ్చే సమయం అది. సంఘ స్త్రీలు వంటకు బియ్యం కొలిచినప్పుడల్లా దేవుని పేర పిడికెడు తీసి వేరుగా ఉంచే అలవాటు కూడా ఉంది. ఉద్యోగికి మాత్రం 25వ తేదీ అంటే జేబు ఖాళీ అయ్యే వేళ. ఇంటికి సున్నం, పిల్లలకు కొత్త బట్టలు, అరిసెలు, గుడిలో కానుక, ప్రేమవిందుకు చందా అన్నీ నెలాఖరులోనే. వారం తిరిగితే కొత్త సంవత్సరం!

ఈ ఇబ్బందికి సర్కారు చూపిన దారి పండుగ అడ్వాన్సు. ఏడాదికి ఒక పండుగకు, వడ్డీ లేకుండా, పది నెలసరి వాయిదాలలో తిరిగి కట్టే పద్ధతి. దసరాకు కొందరు, రంజానుకు కొందరు, క్రిస్మస్‌కు కొందరు దరఖాస్తు పెట్టేవారు. జీతాల బిల్లులు రాసిన చేతితో ఆ రికవరీలు ఎన్నో వేశాను. అమెరికా క్లబ్బులో ముందు కట్టి తర్వాత అనుభవిస్తారు. ఇక్కడ ముందు అనుభవించి తర్వాత కడతారు. కేంద్ర ఉద్యోగులకు ఏడవ వేతన సంఘం తర్వాత ఈ అడ్వాన్సు ఆగిపోయింది. 2020 అక్టోబరులో మాత్రం ఒక్కసారికి ప్రత్యేకంగా 10,000 రూపాయలు ప్రకటించారు.

పింఛనుదారుకు ఆ అడ్వాన్సు కూడా లేదు. అందుకే ప్రైవేటు అప్పు వైపు చూస్తాడు. నాకు తెలిసిన ఒక పింఛనుదారు, కొత్త అల్లుడి తొలి క్రిస్మస్ కోసం నూటికి మూడు రూపాయల వడ్డీకి 30,000 తెచ్చి, హామీగా ఏటీఎం కార్డు ఇచ్చేశారు. నెలకు 900 వడ్డీకే పోయేది. ఆయన కాలం చేసిన తర్వాత గానీ అప్పు సంగతి, కార్డు సంగతి ఇల్లాలికి తెలియలేదు. కుటుంబ పింఛను కాగితాలతో తిరగవలసిన రోజులలో ఆమె అప్పులవాడి గుమ్మం చుట్టూ తిరిగింది.

కాబట్టి మిత్రులారా, ఈ చరిత్ర నుంచి నేను గ్రహించినవి నాలుగు మాటలు. ఈ పండుగకు అయిన ఖర్చు ప్రతి పైసా ఒక కాగితం మీద రాసి ఉంచండి. అది 12,000 అయితే, డిసెంబరులోనే బ్యాంకులో ఏడాది రికరింగ్ డిపాజిట్ తెరిచి నెలకు 1,000 కట్టండి. వచ్చే డిసెంబరుకు చేతికందుతుంది. అదే 12,000 మూడు రూపాయల వడ్డీకి తెస్తే, అసలు అలాగే ఉండి పది నెలలకు 3,600 వడ్డీ అవుతుంది. సొమ్ము ఎక్కడ దాచినా దానికి బీమా గానీ సర్కారు హామీ గానీ ఉందో లేదో ముందు అడగండి. పింఛను పుస్తకం, కార్డు ఎవరి చేతికీ ఇవ్వకండి.

చివరి మాట. ఎంత ఖర్చు పెట్టగలమో భార్యాబిడ్డలతో ముందే కూర్చుని చెప్పండి. 'ఈ ఏడు ఇంతే' అనడం చిన్నతనం కాదు. అరిసెలు రెండు తక్కువైనా పండుగ పండుగే. అప్పు చేసి పప్పుకూడు తింటే జనవరి అంతా అరగదు.