చర్చాపుటలో పెద్దేముల్

పరికరాల చరిత్ర వ్రాసేవారు వాటిని కనిపెట్టినవారిని స్మరిస్తారు గాని, వాటిని చేతబట్టడానికి సామాన్యులు పడిన పాట్లను సాధారణంగా లెక్కలోకి తీసుకోరు. అంతర్జాలంలో తెలుగు చరిత్రను గురించి వ్రాయబూనిన నేను పెద్దేముల్‌లో కూర్చుని ఆ పాట్లు కొన్ని పడినవాణ్ణే గనుక, అక్కడినుంచే ఆరంభిస్తాను.

ఎం.ఏ. చదివే రోజుల్లో ఒక వ్యాసాన్ని డి.టి.పి. దుకాణంలో కంపోజు చేయించాను. ఆ ఫైలును మరొక కంప్యూటరులో తెరిస్తే తెలుగుకు బదులు ఇంగ్లీషు అక్షరాలూ విరామచిహ్నాలూ కలగాపులగంగా కనిపించాయి. తప్పు నాదేననుకున్నాను. అసలు సంగతి తర్వాత తెలిసింది. ఆనాటి ముద్రణ ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాలలోనే మన ఒత్తులనూ గుణింతపు గుర్తులనూ దాచిపెట్టేవి. ఏ ఫాంటు ఏర్పాటు దానిదే. ఒకరి తెలుగు మరొకరి యంత్రానికి తెలుగే కాదు! భూమికి గట్లు వేసినట్లు అక్షరానికీ గట్లు వేశారన్నమాట.

ఈ గట్లను తెంచే సాధనం అప్పటికే వున్నది. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి కూర్పు తెలుగుకు 128 స్థానాలను ప్రత్యేకించింది. అయితే స్థానం వుంటే చాలదు. చూపించే ఫాంటు కావాలి, వ్రాసే పద్ధతి కావాలి. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంటు చేరింది. దేశికాచారి పోతన, వేమన ఫాంట్లను తయారుచేసి ఉచితంగా పంచారు. 1990ల తొలినాళ్ళలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో వున్న తెలుగువారు రోమను అక్షరాలతో తెలుగు వ్రాసే ఆర్.టి.ఎస్. పద్ధతిని రూపొందించారు. ఆ ఒరవడిలోనే తర్వాత ‘లేఖిని’ వచ్చింది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలయింది. వీటిలో చాలా భాగం జీతానికి చేసిన పని కాదు. ఆఫీసు పని ముగిశాక, నిద్ర మానుకుని చేసిన పని.

ఇదంతా తెలియక, విద్యార్థులు ఫోనులో రోమను లిపితో తెలుగు వ్రాస్తుంటే భాష చెడిపోతున్నదని తరగతిలో ఉపన్యాసాలు దంచినవాణ్ణి నేను. ఒకనాడు వెనుక బెంచీ కుర్రవాడు నా ఫోను తీసుకుని, “సారూ, గీ గుర్తు ఒత్తుర్రి, తెలుగొస్తది” అన్నాడు. వచ్చింది. నా గురుత్వం ఆ పూటకు తిరగబడ్డది. మరునాడు తరగతిలో అడిగితే చాలామందికి ఆ గుర్తు సంగతే తెలియదు.

పరాయి లిపిని ఆశ్రయించవలసి రావడం మా ప్రాంతానికి కొత్త కాదు. తాండూరు తాలూకా 1956 నవంబరు 1 దాకా గుల్బర్గా జిల్లాలోనిది. బజారులో తెలుగు, కన్నడం, ఉర్దూ కలిసి నడిచేవి. కచేరీ కాగితం మాత్రం నిజాం కాలంలో ఉర్దూలోనే. 1921 నవంబరులో హైదరాబాదులో జరిగిన సంఘసంస్కార సభలో అల్లంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గేలిచేసి కూర్చోబెట్టారు. ఆంధ్రజన సంఘం పుట్టింది ఆ అవమానంలోంచే.

వ్రాయడం వచ్చిన ఉత్సాహంలో వికీపీడియాలో మా ఊరి పుటకు పూనుకున్నాను. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని వ్రాస్తే పేచీ లేదు. పత్రికలలో వచ్చిన వార్త అది. తర్వాత, నాపరాతి గనులలో పనిచేసిన ఒక అవ్వ చెప్పగా విన్న సంగతులు చేర్చాను: కూలి ఎంత ముట్టేదో, దెబ్బ తగిలితే ఎవరు చూసేవారో. చర్చాపుటలో ఎవరో మర్యాదగానే అడిగారు: ఆధారమేమిటని. నా దగ్గర అవ్వ మాట తప్ప మరేమీ లేదు. ప్రచురితమైన ఆధారం కావాలన్న నియమం చదువుకుని, ఆ వాక్యాలను నేనే తొలగించాను. నియమం తప్పని అనలేను. అది లేకపోతే ప్రతి దొరా తన వంశచరిత్రను ఊరి చరిత్రగా ఎక్కిస్తాడు. అయినా దొర పేరు కచేరీ కాగితాలకెక్కింది, కూలివాని పేరు ఎక్కలేదు. నిష్పాక్షికమైన నియమం కూడా ఆచరణలో ఒక పక్షానికి మొగ్గడం ఇక్కడ చూస్తాం.

ఈ సంగతి చెబితే అవ్వ అడిగింది: “బుక్కుల లేకపోతె నా మాట అబద్ధమా బిడ్డా?”

తెలంగాణలో కవులే లేరన్న ఆక్షేపణకు సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను అచ్చువేసి జవాబిచ్చారు. ఆధారం లేనిచోట ఆధారాన్ని కూడబెట్టడమే ఆయన పద్ధతి. 1949 నాటి ఆంధ్రుల సాంఘిక చరిత్రలో సామెతలనూ ఆటలనూ సైతం సాక్ష్యానికి పిలిచారు.

మా ఊళ్ళో ఇటువంటి సాక్ష్యం ఇప్పుడు వాట్సాప్ బృందాలలో పారుతున్నది. ముసలివాళ్ళు వ్రాయలేరు గాని మాట పంపగలరు. ఆ వాట్సాప్‌ను ఫేస్‌బుక్ సంస్థ 2014లో సుమారు 1,900 కోట్ల డాలర్లకు కొన్నది. ఫోను పోతే మాట పోతుంది, వెదుకుదామంటే దొరకదు. వికీపీడియాలో ఎవరు ఏ మాట ఎప్పుడు మార్చారో ‘చరిత్ర’ అనే మీట నొక్కితే కనిపిస్తుంది. ఈ రెండింటినీ ‘సోషల్ మీడియా’ అని ఒకే గాటన కట్టడం నాకు సమ్మతం కాదు.

మొన్నటి సెలవుల్లో నలుగురు విద్యార్థులు అవ్వ దగ్గర రెండు మధ్యాహ్నాలు కూర్చున్నారు. ఆమె అనుమతితో మాటలను రికార్డు చేసి, తేదీ వేసి, యాస మార్చకుండా యూనికోడ్‌లో ఎత్తి వ్రాశారు. కళాశాల సంచికలో అచ్చువేద్దామనుకున్నాం. ప్రూఫులు చదివి వినిపిస్తే అవ్వ ఒకచోట ఆపింది. కూలి లెక్క తప్పు పడ్డదట. దిద్దించింది.