బొమ్మలమ్మ గుట్ట: చెక్కించిందెవరు?

గంగాధర మండలం కురిక్యాల దగ్గరి బొమ్మలమ్మ గుట్టకు ఆ పేరు పెట్టింది పండితులు కారు. బండమీది జినుల విగ్రహాలనూ, జైన దేవత చక్రేశ్వరినీ చూసి చుట్టుపక్కల జనం పిలుచుకున్న పేరది. అక్కడే ఉన్న 11 పంక్తుల శాసనంలో మాత్రం గుట్ట పేరు వృషభాద్రి. వేములవాడ చాళుక్య రాజు రెండో అరికేసరి ఆస్థానకవి పంపడి తమ్ముడు జినవల్లభుడు సుమారు 945లో ఈ బొమ్మలు చెక్కించాడనీ, త్రిభువనతిలక బసది (జైన ఆలయం), కవితాగుణార్ణవ చెరువు, మదనవిలాస తోట ఏర్పడ్డాయనీ మనకు తెలిసింది ఈ శాసనం వల్లే. కవితాగుణార్ణవుడన్నది పంపడి బిరుదు. అన్నగారి కీర్తి చెరువుకూ ఎక్కిందన్నమాట. సంస్కృతం, కన్నడంతో పాటు తెలుగులో 3 కందపద్యాలు కూడా జినవల్లభుడు చెక్కించాడు. నన్నయకు దాదాపు వందేళ్ల ముందే కందం ఇంత చక్కగా నడిచిందంటే మనకు ఈ బండే సాక్ష్యం. బొమ్మ ఎంత గొప్పదైనా తన పుట్టుక తాను చెప్పుకోలేదనీ, ఆ పని రాతే చెయ్యాలనీ ఈ గుట్టను చూస్తే అనిపిస్తుంది.

జైన శిల్పం తెలిసినవాడు శాసనం లేకపోయినా గరుడవాహనాన్నీ చక్రాన్నీ చూసి చక్రేశ్వరిని పోల్చుకోగలడు కదా అనవచ్చు. నిజమే. కానీ అది రాయి చెప్పిన మాట కాదు, ఈనాటికీ బతికున్న జైన గ్రంథాలు చెప్పిన మాట. ఆ ఆసరా లేనిచోట ఏమవుతుందో స్కాట్లండులో పిక్టులనే ప్రాచీన జనం చెక్కిన రాళ్లే చూపిస్తాయి. సుమారు 6వ శతాబ్దం నుంచి 9వ శతాబ్దం దాకా వాళ్లు నెలవంక, అద్దం, దువ్వెన, పేరు తెలియని ఒక వింత జంతువు లాంటి గుర్తులను ఎంతో ఒడుపుగా, తరచు జంటలుగా చెక్కారు. దువ్వెన దువ్వెనేనని చిన్నపిల్లాడూ చెబుతాడు. అది ఎవరో స్త్రీకి గుర్తా, వంశం పేరా, పెళ్లి పొత్తా అన్నది మాత్రం ఇప్పటికీ తేలలేదు. కొన్ని రాళ్లమీద ఓఘం అనే పాత లిపి ఉన్నా ఆ గుర్తుల అర్థాన్ని అది విప్పలేదు.

ఇంకో అభ్యంతరం దీనికన్నా బలమైనది. శతాబ్దాల తరబడి ఊళ్లో ఎవరూ ఈ శాసనాన్ని చదవలేకపోయారు, గుట్ట జనం నోట నిలిచింది బొమ్మల పేరుతోనే. అలాంటప్పుడు రాత గొప్పేమిటి? జనం జ్ఞాపకాన్ని కాచింది బొమ్మలేనని ఒప్పుకోవాల్సిందే. అయితే అక్షరానికి వారసులున్నారు. ఆ పాత తెలుగు–కన్నడ లిపి నుంచే మన అక్షరాలు వచ్చాయి గనుక, వెనక్కి నడుచుకుంటూ వెళ్లి శాసన పరిశోధకులు దాన్ని చదవగలిగారు. పిక్టుల గుర్తులకు అలాంటి వారసత్వం మిగల్లేదు. జినవల్లభుడు మూడు భాషల్లో చెక్కించడం కూడా ఊరికే కాదనిపిస్తుంది: సంస్కృతం శాస్త్రానికి, కన్నడం ఆస్థానానికి, తెలుగు ఆ గుట్ట చుట్టూ బతికే జనానికి.